షాపులో కొన్న పరుపు

నా కూతురు నా పరుపు వద్దంది. ఆసుపత్రిలో, నర్సు ముందు, అల్లుడి ముందు, పక్క మంచం వాళ్ల చుట్టాలందరి ముందు వద్దంది. జన్మంతా పరుపులు కుట్టినవాణ్ణి, మనవరాలి కోసం బూరుగు దూది పువ్వు పువ్వుగా విప్పి, గింజ ఏరి, వెన్నలా కుట్టి, చుట్టచుట్టి భుజాన వేసుకుని వెళ్తే, దాని మీద పిడికిలి పెట్టి నొక్కి, పిడికిలి మణికట్టు దాకా దిగిపోవడం చూసి, "నాన్నా, ఇది వద్దు" అంది. ఇది జరిగింది. ఇందులో వాదన లేదు, తీర్పు కూడా అయిపోయింది. నర్సు పైగా సర్దిచెప్పబోయింది. "తాతగారూ, మీ పనితనం కాదనను. కానీ పసిపిల్లకి మెత్తనిది పనికిరాదు. ముఖం దిగిపోతే తల తిప్పుకోలేదు. గట్టిగా, చదునుగా ఉండాలి. వెల్లకిలా పడుకోబెట్టాలి. దిండొద్దు, దుప్పటొద్దు, బొమ్మలొద్దు." అయితే గచ్చు మీద పడుకోబెట్టండి, ఖర్చు లేదు అన్నాను. "గచ్చుకీ మీ పరుపుకీ మధ్య ఏదో ఒకటి ఉంటుంది కదా తాతగారూ" అని నవ్వింది. పక్క మంచం వాళ్లూ నవ్వారు. అప్పుడన్నాను, అందరూ వినేలాగే అన్నాను, నీ బిడ్డకి నా చేతి కుట్టు ఒక్కటి పడితే నన్నడుగు అని. పరుపు మళ్లీ భుజానికెత్తుకుని వచ్చేశాను. అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు మా వంశంలో లేదు.

ఇవాళ వస్తున్నారు. డాక్టరమ్మ ఒకసారి చూసి సరే అంటే బయల్దేరతారట. నేను మేడ మీద వాళ్ల గదిలో కింద కూర్చుని, పానా పట్టుకుని, అల్లుడు కొన్న చిన్న మంచానికి మరలు బిగిస్తున్నాను. మంచం బిగించడం కుట్టు కాదు. మాట మాటే. నాలుగువైపులా కటకటాలు. లోకంలోకి వచ్చీ రాగానే కటకటాల వెనక పెట్టడానికి పాప ఏం నేరం చేసిందో తెలియదు. అయినా ప్రతి సందులోనూ పిడికిలి పెట్టి చూశాను, దూరలేదు. మంచిదే, తల ఇరుక్కోదు. మంచం చేసినవాడెవడో కాస్త బుద్ధి ఉన్నవాడే. మర పట్టు జారుతోంది. కింద రోడ్డు మీద ఏ కారు ఆగినా లేచి కిటికీ దగ్గరికి వెళ్తున్నాను, అది వాళ్లది కాదు, మళ్లీ వచ్చి కూర్చుంటున్నాను. గుండె పెళ్లివారి మేళంలా కొట్టుకుంటోంది. నేను కోపంగా ఉన్నానని దానికెవరూ చెప్పినట్టు లేదు. పాపని ఒక్కసారే చూశాను, ఆ పరుపు గొడవకి ముందు. కళ్లు తెరవలేదు కానీ నుదురు ముడిచింది. అచ్చం వాళ్ల అమ్మమ్మ. దారం నాసిరకంది తెస్తే నావంక అలాగే చూసేది, నోటితో ఒక్క మాట అనేది కాదు, ఆ ముడతే అనేది. మనిషి వెళ్లిపోయి ఏడాది దాటింది, ముడత మాత్రం మళ్లీ వచ్చింది, పిడికెడు ముఖం మీద, చెక్కుచెదరకుండా. అది చూసి ఆసుపత్రి వరండాలో నేను ఎవరికీ కనబడకుండా ఈల వేశాను. ఈ వయసులో ఈల ఏమిటి. ఎవరూ వినలేదు కాబట్టి వెయ్యలేదనే లెక్క.

మంచం నిలబడింది. ఊపి చూశాను, కదల్లేదు. అల్లుడు తెప్పించిన పరుపు అట్టపెట్టెలోంచి తీశాను. గట్టిగానే ఉంది, చదునుగానే ఉంది, లోపల ఏం పోశాడో తెలియదు, చావుబతుకుల్లేని వస్తువు. మంచంలో దించాను. ఒక వారకి ఆనించేసరికి రెండో వార నా అరచెయ్యి నిలువునా దిగిపోయింది. మళ్లీ తీసి, తిప్పి పెట్టాను. సందు ఇటు వచ్చింది. ఎటు తిప్పినా ఆ సందు నాతోనే ఉంది. నా చెయ్యి పట్టిన చోట ఏం పడుతుంది? పాప చెయ్యి పడుతుంది. భుజం పడుతుంది. ఒరిగితే ముఖం పడుతుంది. అల్లుడికి ఫోన్ చేశాను. "బాబూ, పరుపు మంచానికి సరిపోలేదు. చిన్నది వచ్చింది." "అవునా మామయ్యా? రేపు మార్చి ఇమ్మంటాను లెండి. ఈ పూటకి సర్దుకుంటుంది." "సర్దుకోడానికి ఇదేమన్నా బస్సు సీటా?" "పోనీ ఆ సందులో దుప్పటి ఏదైనా దూర్చండి." వెనక నుంచి నా కూతురు కేక, ఫోన్ అవసరం లేకుండానే వినబడేలా, "ఏమీ దూర్చొద్దు! వదులుగా ఏదీ ఉండకూడదని నర్సు చెప్పలేదూ? నాన్నకి చెప్పండి, ఏమీ పెట్టొద్దని!" "విన్నాను" అన్నాను. "అయితే ఈ పూటకి మా మధ్యలో పడుకోబెట్టుకుంటాం మామయ్యా, ఏముంది" అన్నాడు వాడు. మంచి పిల్లాడే. మంచి పిల్లలకి పరుపుల గురించి ఏమీ తెలియదు.

వాళ్ల మధ్యలోనా. వాళ్ల పెద్ద మంచం మీది పరుపు ఎవరు కుట్టారు? నేను. పెళ్లికి కుట్టాను, నా భార్య పక్కన కూర్చుని దూది అందిస్తుంటే కుట్టాను. దాని పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలుసు. నడుమ దూది అణిగింది, ఇటొకరు అటొకరు పడుకుంటే నడిమధ్య లోయలా దిగుతుంది, కాస్త బరువున్నదేదైనా ఆ లోయలోకే దొర్లుతుంది. అల్లుడి ఫోన్ ప్రతి పొద్దునా అక్కడే దొరుకుతుంది, కళ్లద్దాలూ అక్కడే. ఆ లోయలో పాపని వేస్తారట. ఇటువైపు కాన్పు నుంచి లేచిన మనిషి ఒళ్లెరక్క నిద్రపోతుంది, అటువైపు ఈయన, పడుకుంటే పిడుగు పడినా లేవడు. సోఫానా? సోఫా అంటేనే సందుల పుట్ట, పోయిన చిల్లరంతా వెతికేది అందులోనే. నా ఒళ్లోనా? నేను కూర్చునే కునుకు తీస్తానని నా కూతురు పదిమందికి చెప్పుకుని నవ్వుతుంది. ఏ దారీ లేదు. ఒక్క దారి ఉంది, దానికి నేనే అడ్డం పడుకుని ఉన్నాను. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. "నేను షాపుకెళ్లి సరిపోయేది తెస్తాను" అన్నాను. "శ్రమ కదా మామయ్యా" అన్నాడు. "శ్రమేముంది. షాపువాడు ఇస్తాడు, నేను తెస్తాను." ఫోన్ పెట్టేసి మంచం లోపలి కొలత తీసుకుని, మెట్లు గబగబా, మోకాళ్ల సంగతి మరిచిపోయి, ఒక్క ఊపున దిగాను. షాపుకే వెళ్లాను. మెట్ల కింద ఉన్న నా కొట్టూ షాపే.

తలుపు తీయగానే ఆ వాసన. దూది, జనపనార, కాస్త ధూళి, ఎప్పుడూ ఎవరో ఇప్పుడే నిద్రలేచినట్టుండే వాసన. మూలన ఆ పరుపు, వద్దన్నది, చుట్టచుట్టి మూతి ముడుచుకుని ఉంది. దాన్ని బల్ల మీద పరిచాను. ఎందుకు చేశానో చెప్పలేను కానీ వంగి ముఖం అందులో పెట్టాను, బోర్లా. మెత్తగా వచ్చి ముక్కుకి అటూ ఇటూ మూసుకుంది. ఊపిరి వదిలాను, అదే ఊపిరి వేడిగా మళ్లీ నాకే వచ్చింది. ఇంకోసారి వదిలాను, ఇంకా వేడిగా వచ్చింది. నేను మెడ ఉన్నవాణ్ణి, లేచాను. మెడ నిలవనిది ఏం చేస్తుంది? అప్పుడు నా భార్య గొంతు వినబడింది, నర్సుది కాదు. "నన్ను దీంట్లోంచి తియ్యండి. ఈ మెత్తదనంలో పక్కకి తిరగలేకపోతున్నాను." చివరి రోజుల్లో అన్న మాట. జబ్బు మనిషి కదా అని నేను చేసిన వాటిల్లోకల్లా మెత్తనిదాని మీద పడుకోబెట్టాను. చెయ్యి ఊనితే చెయ్యి దిగిపోయేది, మోచెయ్యి ఊనితే మోచెయ్యి దిగిపోయేది, ఊబిలో పడ్డ దూడలా చూసేది. ఈ బల్లే తెచ్చి వేశాను, ఇదిగో, ఇప్పుడు నేను చేతులానించిన ఈ బల్ల. పల్చటి పీచు పలక ఒకటి పరిచి దాని మీదకి మార్చాను. తనంతట తను పక్కకి తిరిగింది. తిరిగి నావంక చూసి, "హమ్మయ్య, ఇప్పుడు మంచం నా మాట వింటోంది" అంది. ఆవిడ పోయిన రోజు పక్క కొట్టు టైలరు, ఊరంతా గుండీలాయన అంటారు, వచ్చి గుమ్మంలో నిలబడి పక్కవాడితో, "పరుపులాయన పెళ్లాం ఆఖరికి బల్ల మీద పోయిందయ్యా" అన్నాడు. నేను విన్నాను. ఆ రోజు నుంచి అతనితో మాట లేదు. ఎదురుపడితే గోడని చూస్తాను. క్షమించడమనేది మాస్టారు మా బళ్లో నేర్పలేదు, నేర్పిన రోజు నేను వెళ్లి ఉండను.

మరి నర్సు చెప్పిందీ ఇదే కదా. ఇదే. మాట వేరు, మనిషి వేరు, సంగతి ఇదే. పీచు పలకలు అటక మీద ఉన్నాయి, కారు సీట్ల కింద వేసే రకం, కొబ్బరిపీచు నొక్కి చేసినవి, మోకాలు వేసి నొక్కినా మొండిగా ఉండేవి. కొత్తవి రెండు దించాను. దుమ్ము దులిపి, ఎండలో కొట్టి, కొలత పెట్టి, పెద్ద కత్తితో కోశాను, కోస్తుంటే ఆ కర్రు కర్రు చప్పుడు ఒళ్లంతా పాకింది. పెళ్లైన కొత్తలో మొదటి గిరాకీకి కోసినప్పుడు ఇలాగే పాకింది. అమ్మలూ, వస్తున్నావా, ఆగు, ఇంకాస్త ఆగు, కారు మెల్లగా నడపమను మీ నాన్నని. పైన గలేబుకి గుడ్డ కావాలి. తానులన్నీ చూశాను, ఒకటి రంగు పోయింది, ఒకటి గరుకు, ఒకటి ఎవడో గిరాకీది. మంచి గుడ్డ ఒక్కటే ఉంది, అది ఆ మెత్తటి పరుపుకే వేసి ఉంది. దబ్బనంతో అంచు విప్పాను. ఒక్క కుట్టు తెగగానే మిగతావి వాటంతటవే బారులుతీరి వచ్చేశాయి, కడుపు తెరుచుకుంది, పంకా గాలికి బూరుగు దూది గదంతా లేచింది. నెలల తరబడి ఏరిన దూది. తల మీద, మీసాల మీద, నోట్లో. నాకు నవ్వొచ్చింది. ఒంటరిగా, దూదిలో నిలబడి, తుమ్ముతూ నవ్వాను. గుడ్డ దులిపి తిరగేస్తే ఒక మూల ఎర్ర దారం కుట్టు కనబడింది. చిన్నది, గోరంత, ఇంటూ గుర్తు. అది ఆవిడ అలవాటు. ఎవరికీ అమ్మకూడదని పక్కన పెట్టిన గుడ్డకి ఒక మూల అది వేసేది. ఈ గుడ్డ ఎందుకు దాచావే అంటే, "అమ్మాయి కడుపు పండితే అప్పుడు చెప్తాను" అనేది. కత్తెర అక్కడిదాకా వెళ్లి ఆగింది. ఆ మూల కోసేస్తే కొలత ఇంకా తేలిగ్గా వచ్చేది. కొయ్యలేదు. కాళ్లవైపు, అడుగుభాగానికి వచ్చేలా తిప్పుకున్నాను. అడుగున ఎవడు చూస్తాడు.

పలకల మీద పల్చగా ఒక్క పొర నూలు గుడ్డ, అంతే, దూది రేకు కూడా లేదు, గలేబు బిగించి మిషను మీద చుట్టూ కుట్టు వేశాను. మాట తప్పుతున్నానని మిషను ఏమీ గొడవ చెయ్యలేదు. తప్పలేదు కూడా, నేను షాపువాణ్ణి, షాపువాడు కుడుతున్నాడు, ఆ మాట అన్నవాడు వేరు, వాడు పైన మరలు బిగిస్తున్నాడు. ఇక పరుపు మీద పరిచే దుప్పటి. వదులు దుప్పటి పనికిరాదు, అంచుల్లో సాగే నాడా కుట్టి అడుక్కి బిగిస్తేనే పాప కాళ్లకి చిక్కదు. నాడా నా దగ్గర లేదు. గుండీలాయన దగ్గర ఉంది. గుమ్మంలో నిలబడి గోడవంక చూశాను. గోడ అవతల ఆయన మిషను చప్పుడు. మళ్లీ రోడ్డు మీద ఏదో కారు హారను. ఇంక ఆలోచన ఎక్కడిది, దుప్పటి గుడ్డ చేతపట్టుకుని పరిగెత్తాను. "సాగే నాడా కావాలి." తల ఎత్తి చూసి కత్తెర కింద పెట్టేశాడు. "పరుపులన్నా! నువ్వేనా? నాతోనే మాట్లాడావా?" "నాడాతో మాట్లాడాను. నువ్వు అడ్డం ఉన్నావు." "ఆ దూదేమిటి తలనిండా, ఒక్క రోజులో ముసలాడివైపోయావు. ఎవరికి?" "గిరాకీకి." "కొలత చెప్పు మరి." చెప్పాను. "ఇంత చిన్న పరుపా? గిరాకీ ఏమన్నా పిల్లిపిల్లా?" అని, నా ముఖం చూసి, ఆగి, "ఓహో, మనవరాలు ఇవాళ వస్తోందా" అన్నాడు. నాడా తనే కత్తిరించి, నా చేతిలో దుప్పటి లాక్కుని తనే మిషను కింద పెట్టాడు. కుడుతూ కుడుతూ బుజ్జి దిండొకటి, చుట్టూ కుచ్చులు పెట్టింది, బల్ల సొరుగులోంచి తీసి, "ఇది నా తరఫున. తల కింద పెట్టు" అన్నాడు. "తల కింద ఏమీ పెట్టకూడదు" అన్నాను. "మంచంలో ఏదీ ఉండకూడదు. దిండొద్దు, దుప్పటొద్దు, బొమ్మలొద్దు. గట్టిగా, చదునుగా ఉండాలి. వెల్లకిలా పడుకోవాలి." నా నోరు అలా పోతూనే ఉంది, బళ్లో ఎక్కం అప్పజెప్పినట్టు. "ఎవరు చెప్పారన్నా?" "పరుపులు కుట్టేవాణ్ణి, నాకు ఒకళ్లు చెప్పాలా?" దిండు వెనక్కిచ్చేశాను. దుప్పటి తీసుకున్నాను. అతను అప్పుడేదో అనబోయాడు, ఆ రోజు ఆ మాట, అని మొదలుపెట్టాడు. "నాకు టైము లేదు" అని వచ్చేశాను. నాడా వేరు, క్షమించడం వేరు.

పరుపు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కాను. మంచంలో దించుతుంటే గాలి పోయే చప్పుడుతో మెల్లగా దిగి, నాలుగువైపులా ఆని కూర్చుంది. వేలు పెట్టాను, దూరలేదు. చిటికెన వేలు పెట్టాను, గోరు ఆగిపోయింది. నడుమ పిడికిలితో బలంగా నొక్కి వదిలాను, గుంట పడలేదు. ముఖం ఆనించాను, బోర్లా. ముక్కు నలిగింది కానీ పక్కనుంచి గాలి ఆడుతోంది, తల అటు తిప్పాను, తిరిగింది, ఇటు తిప్పాను, తిరిగింది. మంచం నా మాట వింటోంది. దుప్పటి బిగించాను, చేత్తో రాస్తే ఎక్కడా ముడత లేవలేదు. మంచాన్ని వాళ్ల పెద్ద మంచం పక్కకి, చెయ్యి చాపితే అందేంత దగ్గరికి లాగాను. కిటికీ తెర తాడు ఆ మంచం దాకా వేలాడుతోంది, పైకి ముడివేశాను. ఖాళీ మంచం. ఇంత ఖాళీ మంచం నా జన్మలో ఎవరికీ ఇవ్వలేదు. ఇంతకన్నా మంచిదీ ఇవ్వలేదు. అప్పుడే కింద కారు ఆగింది, ఈసారి తలుపు చప్పుడు, అల్లుడి గొంతు, "మెల్లగా, మెల్లగా", ఆ పైన ఒక కొత్త గొంతు, సన్నగా, కోపంగా, ఇంటి మీద హక్కున్నదానిలా. మీసాలు తుడుచుకుని, కోపం ముఖానికి తగిలించుకుని, గోడకి ఆనుకుని నిలబడ్డాను.

కూతురు గదిలోకి వచ్చింది. పాపని అల్లుడి చేతికిచ్చి నేరుగా మంచం దగ్గరికి వెళ్లింది. సందులో వేలు పెట్టి చూసింది, నాలుగువైపులా. నడుమ పిడికిలి వేసి నొక్కింది. "గట్టిగా ఉంది" అంది. "షాపుది" అన్నాను. "షాపువాడు భలే సరిగ్గా ఇచ్చాడే మామయ్యా, కొలిచి కుట్టినట్టుంది" అన్నాడు అల్లుడు. "వాళ్లకదే పని" అన్నాను. ఇంతలో నా కూతురు వంగి, కాళ్లవైపు దుప్పటి మూల తప్పించి, పరుపు ఎత్తి అడుగున చూసింది. పరుపులవాళ్ల ఇంట్లో పుట్టిన పిల్ల. పరుపంటూ కనబడితే ముందు అడుగు చూడమని నేనే నేర్పాను, పని దొంగతనమంతా అడుగునే ఉంటుందని. అది మరిచిపోయాను. అన్నీ గుర్తుపెట్టుకుని అదొక్కటే మరిచిపోయాను. ఆ మూల దగ్గర దాని బొటనవేలు ఆగింది. గోరంత ఎర్ర దారం మీద అటూ ఇటూ తిరిగింది, గుడ్డివాళ్లు ముఖం తడిమినట్టు. తర్వాత పరుపు మెల్లగా దించి, దుప్పటి మళ్లీ బిగించి, నావంక చూసి, "ఏ షాపు నాన్నా?" అంది. "బజారు చివర." "మంచి షాపు." "ఏదోలే." "మీ తలలో దూదుంది." "షాపులో అంటుకుని ఉంటుంది." ముక్కు ఎగబీల్చింది, నవ్వుకో దేనికో తెలియదు. పాపని అల్లుడి చేతుల్లోంచి తీసుకుని నా చేతుల్లో పెట్టింది. "మీరే పడుకోబెట్టండి. వెల్లకిలా." "తెలుసు" అన్నాను. బరువే లేదు, బరువంతా అదే. వీపు ఆనేదాకా చెయ్యి తియ్యకుండా, తర్వాత తల, తర్వాత వేళ్లు ఒక్కొక్కటే వెనక్కి తీసుకున్నాను. పాప నుదురు ముడిచింది. ఆ పరుపుని పరీక్షించింది, అచ్చం అలాగే, ఒక్క మాట లేకుండా. ముడత విడిపోయింది. చేతులు రెండూ తలకి అటూ ఇటూ పారేసి, ఆ ఖాళీ మంచం నడుమ, ఆ గట్టిదాని మీద, నిద్రపోయింది.

ఆసుపత్రిలో అన్న మాట అన్నట్టే ఉంది. నేనూ వెనక్కి తీసుకోలేదు, నా కూతురూ తీసుకోలేదు. ఆ పరుపు షాపులో కొన్నది. ఎవరడిగినా అంతే చెప్తాను, అది కూడా ఇదే ఆఖరిసారి. ఈ సంగతి ఇక నా నోట రాదు.